శనివారం కూలి

శనివారం పొద్దున్నే యలమందయ్య ఇంటి అరుగు మీద పదకొండు మంది ఆడవాళ్ళు కూర్చున్నారు. వారమంతా ఆయన చేలో మిరపకాయ కోసినవాళ్ళు. లోపల భార్య వెంకటేశ్వరమ్మ వాళ్ళకు టీ కాస్తోంది. గ్లాసుల చప్పుడు వింటూ కూతురు హారిక ఫోనులో తన ఖాతా మళ్ళీ చూసుకుంది.

"అమ్మాయ్, ప్రత్తిపాడెళ్ళి ఏటీఎంలో ఆ ముప్పై వేలూ తీసుకురా" అన్నాడు యలమందయ్య.

పత్తి అమ్మినప్పుడు కూలికని తీసిపెట్టిన డబ్బది. ఇంట్లో ఉంటే నిలవదని, గుంటూరులో ఉద్యోగం చేసే కూతురి ఖాతాలో వేయించాడు. హారిక ముట్టుకోలేదు. కానీ ఆమె స్కూటీ, ఫోను, స్నేహితురాలి పెళ్ళికి కొన్న పట్టుచీర, మూడింటి వాయిదాలూ ఆ ఖాతాలోంచే పోతాయి. పోయిన నెల జీతం ఇరవయ్యో తారీకుకే అయిపోయి వాయిదాలు ఆగాయి. డబ్బు కనబడగానే పాతవి, కొత్తవి, ఫైనుతో సహా అప్పులిచ్చినవాళ్ళు లాగేసుకున్నారు.

"పదకొండు వేలే ఉన్నాయి నాన్నా."

సంగతంతా విన్నాక యలమందయ్య గొంతు వీధిలోకి వినబడింది. "నెలకి ఇరవై రెండు వేలు తెచ్చుకునేదానివి, నీకు అప్పులేంటే? జీతం రాకముందే ఖర్చుపెట్టమని ఎవరు నేర్పారు?"

"నువ్వే!" హారికా తగ్గలేదు. "మందుల కొట్లో, ఎరువుల కొట్లో, ఆఖరికి కిరాణాలోనూ 'కాయ అమ్మాక ఇస్తాం' అనేగా తెస్తావు? పుట్టినకాడి నుంచీ చూస్తున్నా. నువ్వు పంట మీద తెచ్చావు, నేను జీతం మీద తెచ్చాను!"

వెంకటేశ్వరమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

యలమందయ్య మంచం మీద కూలబడ్డాడు. "నిజమేనమ్మా. కొట్టువాళ్ళని ఆపాను, బ్యాంకువాళ్ళని ఆపాను. కూలి మాత్రం ఒక్క శనివారమూ ఆపలా. ఆ డబ్బుతోనేనే వాళ్ళు ఇవాళ బియ్యం కొనేది."

హారిక తండ్రిని చూసి అప్పు చేయడం నేర్చుకుంది గానీ, ఎవరి డబ్బు ఆపకూడదో చూడనే లేదు. సిగ్గుతో తల వాలిపోయింది.

యలమందయ్య ఫోను తీసి ఊళ్ళో కాయలు కొనే అష్రఫ్‌ని పిలిచాడు. రేటు పెరిగేదాకా అమ్మనని పట్టుదలగా ఉంచిన కాయలో నాలుగు బస్తాలు ఇవాళ్టి ధరకే ఇచ్చేస్తానన్నాడు.

హారిక అరుగు మీదకు వెళ్ళింది. "రహిమున్నీసా పిన్నీ, మీ డబ్బు నావల్లే పోయింది. మధ్యాహ్నానికి ఇస్తాం."

"అంతా వినబడిందిలే" అంది కూలీల పెద్ద రహిమున్నీసా. "మధ్యాహ్నం దాటితే మాత్రం ఊరుకోం."

హారిక కల్లంలోకి దిగి తనే కాయలు బస్తాలకెత్తి, మూతులు కుట్టింది. అష్రఫ్ డబ్బిచ్చి వెళ్ళాక, యలమందయ్య ఆ నోట్లు తెచ్చి కూతురి చేతిలోనే పెట్టాడు.

"మళ్ళీ నాకెందుకు నాన్నా?"

"నువ్వే పంచు. రేపు నీ వాయిదాల లెక్క పట్టుకుని కూర్చో, నా కొట్ల చీటీలు నేనూ తెస్తా. ఎవరిది ముందు తీర్చాలో ఇద్దరం చూసుకుందాం."

హారికకు కన్నీళ్ళు ఆగలేదు. చెయ్యెత్తబోతే రహిమున్నీసా గబుక్కున పట్టుకుంది.

"కళ్ళు తుడుచుకోమాకమ్మా, చేతులనిండా కారం."

చెంపల మీద కారే నీళ్ళను అలాగే వదిలేసి, హారిక ఆమె కూలి లెక్కపెట్టి చేతిలో పెట్టింది.