ఆ అమ్మాయి నన్ను బ్రదర్ అనలేదు

"మీరు చెప్పింది పేషెంటు గురించా, వాతావరణం గురించా?"

ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అది. అదీ వార్డులో, కిటికీ పక్క మంచం దగ్గర, అందరూ వింటుండగా.

నాది పొద్దుటి డ్యూటీ. ఆమెది మధ్యాహ్నం డ్యూటీ. మా వార్డుకు కొత్తగా వచ్చింది ఆ రోజే. డ్యూటీ మారేటప్పుడు వెళ్లే నర్సు వచ్చే నర్సుకు ఒక్కో మంచం దగ్గరా నిలబడి పేషెంటు సంగతులన్నీ అప్పజెప్పాలి. దాన్నే హ్యాండోవర్ అంటాం. నేను నా అలవాటు ప్రకారం గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. బీపీ నార్మల్, జ్వరం లేదు, తుంటి ఆపరేషన్, నడవడానికి సహకరించడం లేదు.

"ఎందుకు సహకరించడం లేదు?" అని అడిగింది.

"నొప్పి అయ్యుంటుంది."

"అయ్యుంటుందా? ఆయన్ని అడిగారా?"

"అడగడానికేముందండీ? ఆపరేషన్ అయితే నొప్పి ఉండదా?"

ఆమె నన్ను వదిలేసి మంచం మీదికి వంగింది. ఆ పెద్దాయన రిటైరైన లెక్కల మాస్టారు. ముక్కు మీద కోపం అని వార్డంతా పేరు. ఆయన అటూ ఇటూ చూసి ఆమె చెవిలో ఏదో గొణిగాడు. ఆమె నవ్వలేదు. అల్మారాలోంచి ఇంకో గౌను తెచ్చి, మొదటి గౌను మీద వెనకది ముందుకు వచ్చేలా తొడిగి, నాడాలు బిగించింది.

అప్పుడు వెలిగింది నా బుర్ర. హాస్పిటల్ గౌను వెనకాల తెరుచుకుని ఉంటుంది. ఎన్నో క్లాసుల పిల్లల్ని గడగడలాడించిన మనిషి, ఆ అవతారంలో వరండా వెంట నడవలేక సిగ్గుతో చచ్చిపోతున్నాడు. అంతే సంగతి.

"ఇప్పుడు నడుద్దామా మాస్టారూ?"

"పద," అన్నాడాయన, తనే ఆమెకు నడక నేర్పిస్తున్నట్టు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె ఆయన చేయి పట్టుకుని నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, "రేపటి నుంచి హెడ్‌లైన్స్ తగ్గించి, వార్తలు వివరంగా చదవండి," అంది.

ఆ రోజు నుంచి నా పేరు 'వార్తలు' అయిపోయింది.

పగ పట్టాను. నిజం చెబుతున్నాను, మొదట్లో అది పగే. ఆమె అడగడానికి ఒక్క ప్రశ్న కూడా మిగలకూడదని ప్రతి మంచం దగ్గరా కూర్చుని అడగడం మొదలుపెట్టాను. తలుపు పక్క మంచం పెద్దమ్మ తిండి ముట్టడం లేదు. డాక్టరు టానిక్ రాశారు. నేను కుర్చీ లాక్కుని కూర్చుని అడిగితే, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చెప్పింది. పళ్లసెట్టు తీసి దిండు కింద పెట్టుకుందట. దుప్పట్లు మార్చినవాళ్లు దాన్ని కూడా చుట్టి పట్టుకుపోయారు. పళ్లు లేని నోరు చూపించడానికి నామోషీ పడి, ఆకలే లేదని చెబుతోంది.

లాండ్రీకి పరిగెత్తాను. దుప్పట్ల గుట్టలో సగం వెతికేసరికి దొరికింది. శుభ్రంగా కడిగి తెచ్చిస్తే, ఆమె పెట్టుకుని ఒక బిస్కెట్ కొరికింది. టక్కుమంది. ఆ చప్పుడుకి నాకు ఒళ్లు పులకరించింది, నమ్మండి.

మధ్యాహ్నం హ్యాండోవర్లో గొప్పగా చెప్పాను. ఎగ్జామినర్ (నేను ఆమెకు పెట్టుకున్న పేరది) రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని విన్నది.

"ఫర్వాలేదే, వార్తలూ! పాసయ్యావ్."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. నేను గమనించనట్టే నిలబడ్డాను. ఇంటికెళ్లే దారంతా గమనిస్తూనే ఉన్నాను.

ఆ తర్వాత మా హ్యాండోవర్లు పొడుగయ్యాయి. ఎవరికి కాఫీలో చక్కెర ఎక్కువ కావాలో, ఎవరు కొడుకు ఫోను కోసం ఎదురు చూస్తున్నారో, అన్నీ అందులోకి వచ్చేవి. ఇన్‌చార్జ్ మేడం ఒకరోజు కళ్లజోడు పైనుంచి చూసి, "మీ అప్పగింతలు అయ్యేలోపు పేషెంట్లు డిశ్చార్జ్ అయిపోతున్నారు," అంది.

ఇంకోరోజు బాగా వాన. డ్యూటీ దిగి పోర్టికో అంచున నిలబడ్డాను. పైన కిటికీ తెరుచుకుంది.

"ఏయ్ వార్తలూ! ఏం చేస్తున్నావక్కడ?"

"వాన తగ్గనీ అని!"

"వాన తగ్గి చాలాసేపైంది. నీ నెత్తిన పడేది చూరు నీళ్లు!"

కిటికీ మూసుకుంది. లోపల ఆమె నవ్వు మాత్రం కాసేపు వినపడింది.

క్యాంటీన్లో ఒకసారి అడిగింది. "నర్సింగ్‌లోకి ఎందుకొచ్చావ్?"

"మానవసేవే..."

"ఇంటర్వ్యూ అయిపోయింది బాబూ. నాకు నిజం చెప్పు."

"సీటు వచ్చింది. ఉద్యోగం ఖాయమన్నారు. మా నాన్న తాపీమేస్త్రి. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ని నేనే. వచ్చిన సీటు వదులుకునే ధైర్యం లేదు. మరి నువ్వు?"

"జేబుల కోసం," అంది.

"ఏంటి?"

"చిన్నప్పుడు మా వీధి నర్సమ్మ యూనిఫాంకి ఇంతింత జేబులుండేవి. నా గౌన్లకి ఒక్కటీ ఉండేది కాదు. జేబులున్న ఉద్యోగమే చేయాలనుకున్నాను." టీ తాగి గ్లాసు పక్కన పెట్టింది. "వచ్చింది జేబుల కోసమే. కానీ నొప్పితో మెలికలు తిరిగే మనిషి నా చేతి కింద మొదటిసారి నిద్రపోయాడు చూడు, ఇక కదల్లేకపోయాను. రావడానికి ఏ కారణమైనా ఉండొచ్చు వార్తలూ. ఉండిపోవడానికి ఏం కారణమో చూసుకోవాలి."

మాస్టారు డిశ్చార్జ్ అయ్యే రోజు నన్ను దగ్గరికి పిలిచాడు. "ఇలా రా బ్రదర్. చిన్న లెక్క. ఈ హాస్పిటల్లో మగ నర్సుల్ని అందరూ ఏమంటారు?"

"బ్రదర్ అంటారండీ."

"ఆ అమ్మాయి మిగతా మగ నర్సుల్ని ఏమంటుంది?"

"బ్రదర్ అనే."

"నిన్ను?"

"వార్తలు... అంటుందండీ."

"ఇన్నాళ్లుగా వింటున్నాను. ఒక్కసారి పొరపాటున కూడా అనలేదు. మిగతా లెక్క నువ్వు చేస్తావా, నన్నే చేయమంటావా?"

ఆ మధ్యాహ్నం వరండాలో ఆమెకు అడ్డంగా నిలబడ్డాను. "నన్ను బ్రదర్ అని ఎందుకు పిలవవు?"

ఆమె తల వంచుకుని జేబులో పెన్ను వెతికింది. పెన్ను చేతిలోనే ఉంది. "పిలవమంటావా?"

"వద్దు!" అని అరిచాను. స్ట్రెచర్ తోసుకుపోతున్న మనిషి ఆగి మరీ చూశాడు.

"అయితే ఇంటికొచ్చి మా నాన్నతో మాట్లాడు. ఆయన కాదంటే నేను గడప దాటలేను. ముందే చెబుతున్నా, ఆయనకు పగటి ఉద్యోగం చేసే అల్లుడు కావాలట. ఇద్దరూ షిఫ్టులైతే ఒకరు వస్తుంటే ఒకరు వెళ్తుంటారు, అది కాపురమా, బస్టాండా అంటాడు."

ఆమె నాన్న బస్సు డ్రైవరు. బస్టాండు సంగతి ఆయనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

సంగతి విని మా బావ ఎగిరి గంతేశాడు. తనకు తెలిసిన బీమా కంపెనీలో క్లెయిములు చూసే ఉద్యోగం నాకు ఎప్పుడో మాట్లాడిపెట్టాడు. కుర్చీ, ఏసీ, సాయంత్రానికి ఇల్లు. "ఇంకేం కావాలిరా? ఒక్క మాటతో పెళ్లి ఖాయం!"

ఆమెకు చెబితే తల అడ్డంగా ఊపింది. "నీకు నిజంగా కావాలంటే వెళ్లు. నా కోసమని మాత్రం వెళ్లకు. తర్వాత ఆ కుర్చీలో కూర్చుని నన్ను తిట్టుకుంటావ్."

బావా నేనూ వాళ్లింటికి వెళ్లాం. చిన్న ముందు గది, గోడకు గడియారం, ఆయన ఖాకీ చొక్కా తలుపు వెనక కొక్కేనికి. బావ కూర్చోకముందే మొదలుపెట్టాడు. "నర్సు పని ఏదో కొన్నాళ్లేలెండి బాబాయిగారూ. వచ్చే నెల నుంచి మావాడు ఆఫీసులో!"

ఆయన మొహం విప్పారింది. లోపలి గుమ్మంలో ఆమె ట్రే పట్టుకుని నిలబడిపోయింది. నా వైపు చూడలేదు. ఒక్క 'అవునండీ' అంటే ఆమె నాది.

"లేదండీ," అన్నాను. "నేను వెళ్లను."

బావ నా కాలు తొక్కాడు.

"అదేంటి? సుఖమైన పనే కదా," అన్నాడాయన. "అసలు మగపిల్లాడివి, ఇందులోకి ఎందుకొచ్చావ్?"

"సీటు వచ్చిందని వచ్చానండీ. పెద్ద కారణమేం లేదు. కానీ ఇప్పుడు మనుషులు ఇంట్లోవాళ్లకు చెప్పుకోలేనివి నాకు చెబుతున్నారు. ఆ చిన్న మాట విని వాళ్లకు కావాల్సింది చేస్తే, ఆ పూట నాకు అన్నం రుచిగా ఉంటుంది. కుర్చీలో కూర్చుంటే ఆ మాట నాకెవరు చెబుతారండీ? మీ అమ్మాయంటే నాకు ప్రాణం. అందుకే మీకు అబద్ధం చెప్పి అడగలేను."

ఆయన మొహం తిప్పుకుని తలుపు వెనక ఖాకీ చొక్కా వైపు చూశాడు. ఇక అయిపోయిందనుకుని లేచాను. సెలవు తీసుకుందామని ఆయన చేయి అందుకున్నాను. పట్టుకుని నిలబడ్డాను. ఇంకా నిలబడ్డాను.

"ఏమయ్యా, చేయి ఇస్తావా, ఉంచేసుకుంటావా?"

అప్పుడు చూసుకున్నాను. నా వేళ్లు ఆయన మణికట్టు మీదున్నాయి. నా కళ్లు గోడ గడియారం మీదున్నాయి. అలవాటున నాడి చూస్తున్నాను!

"క్షమించండి... కొంచెం వేగంగా కొట్టుకుంటోందండీ. పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా?"

లోపల్నించి ఆమె తల్లి గొంతు వినపడింది. "తింటేగా! కూతుర్ని చూడ్డానికి వస్తున్నారని పచ్చి మంచినీళ్లు ముట్టలేదు మనిషి. అడిగితే ఆకలి లేదంటాడు."

"నువ్వుండవే!" అని గదిమాడాయన. తర్వాత నెమ్మదిగా నాతో అన్నాడు. "ఉన్నది ఒక్కతే కూతురు. పెద్ద బస్సు నడిపేటప్పుడు కూడా ఇంత భయం లేదయ్యా నాకు."

"భయపడకండి. ముందు నాలుగు ముద్దలు తినండి. నేను బయట కూర్చుంటాను. మీరు తిన్నాకే వెళ్తాను."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. చేయి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"బయట ఎందుకు కూర్చుంటావ్?" లోపలికి కేకేశాడు. "ఇదిగో, కంచాలు పెట్టు. అల్లుడికి కూడా."

బావ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ట్రే బల్ల మీద పెట్టిన చప్పుడు వినపడింది. ఎప్పుడు వచ్చిందో, ఆమె నా పక్కన నిలబడి ఉంది. ఆయన మణికట్టు మీదున్న నా చేతిని విడదీసి, నా మణికట్టు మీద తన వేళ్లు ఆనించి, గడియారం వైపు చూసింది.

"నాన్నా," అంది పెదవి కొరుక్కుంటూ, "మీది నయం. ఈయనది ఇంకా వేగం."