నడుముకి కట్టిన తాడు

ఆ బెల్టు కుట్టడానికి మాస్టారికి రెండు నెలలు పట్టింది. టార్పాలిన్లు కుట్టే కొట్టులో అమ్మాయి దాన్ని ఒక్క గుంజుకి చింపేసింది.

"మామూలు దారం. ఉప్పునీళ్ళలో వారం కూడా ఆగదు," అంది.

మాస్టారి ముఖం మాడిపోయింది. సెలవురోజుల్లో పిల్లలకి సముద్రంలో కయాక్ నడపడం నేర్పుతాడు. ఎవరైనా అలసిపోతే వాళ్ళ పడవని తాడుతో లాక్కురావడానికే నడుముకి కట్టుకునే ఆ బెల్టు. కొనుక్కోవచ్చుగా అని ఆమె అడిగితే, తను చేసిందైతే ఎక్కడ తెగుతుందో తనకి తెలుస్తుందన్నాడు.

"తెలిసిందిగా ఇప్పుడు," అంది ఆమె.

తనే కుట్టిపెడతానని ఆమె అంటే వద్దన్నాడు, నేర్పమన్నాడు. ఇక రోజూ సాయంత్రం బడి వదలగానే కొట్టులో హాజరు. మూడు సూదులు విరిచాడు. వంకర కుట్లన్నీ ఆమె విప్పేసేది, అతను మళ్ళీ కుట్టేవాడు. తిడితే అతని చెవులు ఎర్రబడతాయని కనిపెట్టాక, ఆమె అవసరానికి మించే తిట్టింది. బట్ట కత్తిరిస్తున్న వాళ్ళమ్మ తల ఎత్తకుండానే అంతా గమనించింది.

బెల్టుని పరీక్షించే రోజు వెనక పడవలో తనే కూర్చుంటానంది ఆమె. అమ్మ ఒడ్డున నిలబడింది.

కొంతదూరం వెళ్ళారో లేదో, ఒడ్డు వైపు నుంచి గాలి విసురుగా లేచింది. ఆమె చేతిలోని తెడ్డు జారి కొట్టుకుపోయింది. పడవ నడిసముద్రం వైపు మళ్ళింది. ఆమె రెండు చేతులతో పడవ అంచులు పట్టుకుంది.

అతను వచ్చి ఆమె పడవ ముక్కుకి తన బెల్టు తాడు కొక్కెం తగిలించాడు. తాడు బిగిసింది. కుట్టు తెగలేదు.

గాలికి ఎదురు తెడ్డు వేస్తూ, వెనక్కి తిరగకుండానే అన్నాడు: "మీరంటే నాకు ఇష్టం. ఎదురుగా ఉంటే చెప్పలేకపోతున్నాను."

ఆ గాలే ప్రతి మాటా తెచ్చి ఆమె చెవిలో వేసింది. ఆమె పెదాల మీదికి నవ్వొచ్చింది.

"వినపడలేదు మాస్టారూ," అని అరిచింది.

అతను గొంతు పెంచాడు. ఆమె మళ్ళీ వినపడలేదంది. "మూడోసారి చెబుతున్నా, మీరంటే నాకు ఇష్టం!" అని అతను ఉన్న బలమంతా పెట్టి అరిచేసరికి, పడవలు ఒడ్డున కట్టిన రాతిగోడ చాటుకి వచ్చాయి. గాలి టక్కున ఆగింది. ఆ మాట ఒడ్డంతా వినపడింది.

అతను తెడ్డు వేయడం మరిచిపోయాడు.

"మా అమ్మాయికి మొదటిసారే వినపడి ఉంటుంది బాబూ," అంది అమ్మ, మోకాలిలోతు నీళ్ళలోకి వచ్చి పడవ పట్టుకుంటూ. "మిషను చప్పుడులో గుసగుసలాడినా పట్టేస్తుంది. ఆదివారం మీ వాళ్ళని తీసుకురా, మాట్లాడుకుందాం."

అతను అప్పుడు వెనక్కి తిరిగాడు. "నిజంగా వినపడిందా?"

"మొదటిసారే," అంది ఆమె. "కానీ మూడుసార్లూ బాగుంది."

ఆమె దిగబోయింది. అతను చెయ్యి అందించాడు. అమ్మ చూస్తుండగానే ఆమె ఆ చెయ్యి పట్టుకుంది, ఇసుక మీదికి వచ్చాక కూడా వదల్లేదు.