బాదం చెట్లకు పట్టిన గొంగళి

"ఆపండి! ముందా మోటారు ఆపండి!"

స్ప్రేయర్ గొట్టం పట్టుకున్న శ్యాంబాబు ఉలిక్కిపడ్డాడు. కొవ్వూరు దాటాక గోదావరి గట్టు పక్కనున్న ఆ గుర్రాల ఫారానికి అతనే మేనేజరు. గేటు తోసుకుని పరుగెత్తుకొస్తున్న అమ్మాయిని ఎప్పుడూ చూడలేదు.

"ఎవరండీ మీరు?"

"సత్యకుమారిని. హార్టికల్చర్ ఆఫీసర్ని. చెట్లకి పురుగు పట్టిందని ఫోన్ చేసింది మీరే కదండీ?"

"చేశానండి. మీరొచ్చేలోపు బాదం చెట్లకి ఆకు మిగలదని మందు కలిపాను."

"కింద గుర్రం మేస్తుంటేనా?"

శ్యాంబాబు నాలుక్కరుచుకుని మోటారు ఆపేశాడు.

ఆమె వంగి గడ్డిలోకి చూసింది. రాలిపడిన గొంగళి పురుగులు పాకుతున్నాయి. "ఈ గుర్రం చూడిదా అండీ?"

"నెలలు నిండాయి. ఏం?"

"కొన్నిరకాల వెంట్రుకల పురుగుల్ని గడ్డితోపాటు మింగితే కడుపు పోతుందండి. ఇవి ఆ రకం కాకపోవచ్చు. కానీ..."

"కానీ అని ఆపకండి, నా గుండె ఆగిపోతుంది!"

ఆ గుర్రం పేరు కస్తూరి, పిల్లప్పటినుంచి అతనే పెంచాడు. వెంటనే షెడ్డులో కట్టేసి ఎండుగడ్డి వేశాడు. ఇద్దరూ పురుగులున్న కొమ్మలు నరికి సబ్బునీళ్ళలో ముంచారు.

"పురుగుల్ని చూసి భయపడరా?"

"మిమ్మల్ని చూసే ఎక్కువ భయపడ్డానండి," అందామె. అతనికి నవ్వాలో వద్దో తెలియలేదు.

మర్నాడు కస్తూరి మేత ముట్టలేదు. పశువుల డాక్టరు చూసి, ఎదురుచూడడమే అన్నాడు. శ్యాంబాబు ఆమెకు ఫోన్ చేశాడు.

"మీరన్నట్టే అయ్యేలా ఉంది. మీ నోటినుంచి ఆ మాట రాకుండా ఉండాల్సింది!"

ఫోన్ పెట్టేశాక తన మీద తనకే అసహ్యం వేసింది.

వానలో తడుస్తూ ఆమె స్కూటీ వచ్చి ఆగింది. "తిట్టాలంటే తిట్టండి. వెళ్ళిపొమ్మని మాత్రం అనకండి."

అతను తలదించుకుని తువ్వాలు అందించాడు. షెడ్డు అరుగు మీద ఇద్దరూ కూర్చున్నారు. కస్తూరి మూలిగినప్పుడల్లా ఆమె అతని మోచేయి పట్టుకుంటోంది. పట్టుకున్నట్టు ఆమెకే తెలియదు.

మధ్యాహ్నం దాటాక కస్తూరి ఈనింది. తడి తడిగా పిల్ల, నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకు జారిపోతూ, లేచి నిలబడింది! సత్యకుమారి వెక్కివెక్కి ఏడ్చింది.

"రేపు వస్తారా?" అన్నాడు శ్యాంబాబు.

"మీ చెట్లకింక పురుగుల్లేవండి. ఎందుకు రావాలి?"

"నేనున్నాను కదండీ."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "మా నాన్నగారు అడిగితే ఏం చెప్పను?"

"ఆయనకి నేనే వచ్చి చెప్తాను. మీరు ఊ అంటే."

ఊ అందో లేదో వానలో వినిపించలేదు. తల మాత్రం ఊపింది.