నిమిషానికి పది రూపాయల నంబరు

"అమ్మా! నాన్న పేరు చెప్పమంటున్నారే, చెప్పు!" అని తేజస్విని అరిచేలోపే ఫోను కట్ అయిపోయింది.

అయ్యో... ఎంత పని జరిగింది! తుఫానులో చిక్కుకున్న పడవల ఆచూకీ చెప్పే సర్కారు నంబరట అది. నిమిషానికి పది రూపాయలు! సముద్రంలో వేటకెళ్లిన భర్త జాడ మూడు రోజులుగా తెలియక తల్లడిల్లుతున్న మాణిక్యం, ఇరవై నిమిషాలు పాట వింటూ కూర్చుంది. తీరా మనిషి గొంతు పలికి "మీ ఆయన పేరేంటమ్మా?" అనగానే, పెళ్లైనప్పటి నుంచి పెనిమిటి పేరు నోటితో అనని మాణిక్యం, "మా తేజావాళ్ల నాన్నండీ..." అంటూ నసిగింది. అంతలోనే బ్యాలెన్స్ అయిపోయింది!

"ఇప్పుడు కూడా ఆచారమేనా? నాన్న ఏమైపోయినా నీకు ఫర్వాలేదా?" కూతురు భోరుమంది. ఆ మాట మాణిక్యం గుండెల్లో గాలంలా దిగింది.

మర్నాడు పొద్దున్నే, జాడలేని మూడు పడవల తాలూకు ఆడవాళ్లు పదకొండు మంది కృత్తివెన్నులో బస్సెక్కి బందరులోని మత్స్యశాఖ ఆఫీసుకు వెళ్లారు. 'ఆపదలో ఫోనుకు డబ్బులా? ఉచితం చేయండి' అని తేజస్విని అట్టమీద రాసి పట్టుకుంది.

"ఇక్కడ గోలేంటమ్మా? ఆ నంబరుకి ఫోన్ చేసుకోండి," అని విసుక్కున్నాడు ఆఫీసరు.

"మీరే చేయండి బాబుగారూ, మీ ఫోన్లోంచి! పాట భలే ఉంటదిలే!" అంది గంగాదేవి. ఆమెకు పెళ్లయి ఆరునెలలైనా కాలేదు.

ఆయన చేశాడు. ఏడు నిమిషాలు పాట విని, చెమట తుడుచుకుని పెట్టేశాడు. తర్వాత గొంతు తగ్గించి మాణిక్యాన్ని పక్కకు పిలిచాడు.

"పెద్దవారు మీరు. మీ ఆయన సంగతి ఇప్పుడే హార్బరుకి ఫోన్ చేసి కనుక్కుంటాను. వీళ్లందర్నీ తీసుకెళ్లిపోండి."

మాణిక్యం ప్రాణం లేచొచ్చింది! ఒక్క 'సరే' అంటే చాలు... కానీ వెనక్కి తిరిగేసరికి, గుమ్మం పట్టుకుని తనవైపే ఆశగా చూస్తున్న గంగాదేవి కనిపించింది.

"నా ఒక్కదానికే అయితే వద్దు బాబూ! ముందు ఆ నంబరుకి డబ్బులు తీసేయించండి. మూడు పడవల కబురూ అందరికీ చెప్పండి. అందాకా నాకూ చెప్పొద్దు!" అని మెట్లమీద కూలబడింది.

తేజస్విని నిర్ఘాంతపోయింది. తల్లి పక్కన చతికిలబడి, "నాన్న కబురు చేతికందబోతుంటే ఎందుకు కాదన్నావమ్మా?" అంది కన్నీళ్లతో.

"ఫోను మధ్యలో తెగిపోతే ఎట్టా ఉంటదో నిన్న చూశాను కదే... వాళ్లకీ అట్టా కావాలా?"

కూతురు తల్లి భుజం మీద తల వాల్చింది.

గంట తర్వాత ఆఫీసరు కాగితంతో బయటికొచ్చాడు. "డబ్బులు తీసేయమని పైకి రాసి పంపానమ్మా. పడవల వివరాలు చెప్పండి, హార్బరు లైన్లో ఉంది."

తేజస్విని ఆత్రంగా లేవబోయింది. మాణిక్యం ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండవే... ముందు గంగాదేవిని అడగనీ."