పోస్టు డబ్బాకు కట్టిన బ్రెడ్డు కవరు

"నాన్నా, కొంచెం తొందరగా పోనీ!"

కోరలీ ఆ మాట అనడం ఆ శనివారం పొద్దున ఎన్నోసారో లెక్కే లేదు.

"ఇది ట్రక్కు తల్లీ, రాకెట్టు కాదు," అన్నాడు నాన్న రోస్కో. "దీని వయసు నీ వయసుకు రెండింతలు. గట్టిగా తొక్కితే ఏ ముక్క ఎక్కడ రాలుతుందో దేవుడికే తెలియాలి."

కోరలీ ఒళ్లో రంగు కాగితం చుట్టిన కానుక ఉంది. పట్నంలో స్కేటింగ్ హాల్లో షెల్బీ పుట్టినరోజు పార్టీ. పదింటికల్లా చేరకపోతే మంచి స్కేట్లన్నీ ఎవరో ఒకరు పట్టుకుపోతారు. పోయిన నెల డేవన్ పార్టీకి ఆలస్యంగా వెళితే ఏమైంది? మగపిల్లల పెద్ద సైజు స్కేట్లు మిగిలాయి. కాళ్లు ఒక దిక్కు పోతే, స్కేట్లు ఇంకో దిక్కు పోయాయి. క్లాసంతా పగలబడి నవ్వింది. తీరా చూస్తే కేకు కూడా అయిపోయింది.

ఆ రోజు ఆలస్యమైంది పోస్టు డబ్బాల వల్లే.

పైన్ స్ప్రింగ్ రోడ్డులో ప్రతి ఇంటి ముందూ గుంజ మీద ఒక రేకు డబ్బా ఉంటుంది. ఉత్తరాలు అందులో వేస్తారు. కానీ ఆ రోడ్డువాళ్లకి ఆ డబ్బాతో ఇంకో పని కూడా ఉంది. మిసిసిపీలోని ఆ హాచీ కౌంటీలో ఉన్న ఒక్క కిరాణా కొట్టూ మూతపడ్డాక, పాలు కావాలన్నా మాత్రలు కావాలన్నా పట్నం పోవాల్సిందే. పోవడానికే గంట పడుతుంది. అందుకని అవసరం ఉన్నవాళ్లు ఖాళీ బ్రెడ్డు కవరు ఒకటి డబ్బాకు కడతారు. పట్నం వెళ్లే బండి ఎవరిదైనా సరే, కవరు కనబడితే ఆగాలి. దిగి అడగాలి. ఈ నియమం ఎక్కడా రాసి లేదు. ఆ రోడ్డులో పుట్టిన కుక్కపిల్లకి కూడా తెలుసు.

"ఇక్కడ ఇల్లు చవక," అంటుంటాడు నాన్న. "గుమ్మం దాటితే మాత్రం అన్నీ ఖరీదే. ఒకరు పోసుకున్న పెట్రోలు మీద పదిమందిమి బతకాలి."

ట్రక్కులో ఎవరి పని వాళ్లది. నాన్న కళ్లు రోడ్డు మీద ఉండాలి, కోరలీ కళ్లు డబ్బాల మీద ఉండాలి.

మిస్టర్ హాలిస్ డబ్బాకు కవరు ఉంది. ఆగారు. ఆయనకి కావలసింది ఒక బస్తా కోళ్ల దాణా. ఆ మాట చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. కానీ ఆయన తన వేటకుక్క పంటినొప్పి కథ మొదలుపెట్టాడు. మధ్యలో కుక్క నోరు తెరిచి మరీ చూపించాడు. కోరలీకి ఏడుపొక్కటే తక్కువ.

మళ్లీ బయల్దేరారు. మలుపు దగ్గర, ఒంటరిగా ఉండే ముసలావిడ మిస్ ఓజెల్లా ఇల్లు. సరిగ్గా అక్కడే ఎదురుగా దుంగల లారీ ఒకటి రోడ్డంతా తనదే అన్నట్టు వచ్చింది. నాన్న రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని ట్రక్కును పక్కకు తీశాడు.

"డబ్బాకి ఏమైనా ఉందా?" అని అడిగాడు, కళ్లు లారీ మీదే పెట్టి.

ఉంది. వెలిసిపోయిన నీలం కవరు. గాలికి రెపరెపలాడుతోంది.

మిస్ ఓజెల్లా ఇంటి దగ్గర ఆగితే ఊరికే వదలదు. నిమ్మరసం తాగమంటుంది. 'మీ అమ్మ ఎలా ఉంది, బడి ఎలా ఉంది' అంటుంది. ఒక్కో మెట్టూ పట్టుకుని దిగి, ట్రక్కు దాకా వచ్చి మరీ సాగనంపుతుంది.

"ఏం లేదు నాన్నా," అంది కోరలీ.

ట్రక్కు మలుపు తిరిగిపోయింది.

స్కేట్లు సరిగ్గా సరిపోయాయి. కోరలీ ఒక్కసారి కూడా పడలేదు. కేకు మీద పంచదార గులాబీ ఉన్న ముక్క తనకే వచ్చింది. నీలం కవరు సంగతి పూర్తిగా మరిచిపోయింది.

తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది. ఇంకా ఎండ ఉంది. మలుపు దగ్గర నాన్నే ట్రక్కు నెమ్మది చేశాడు.

"అదేంటి, మిస్ ఓజెల్లా అలా ముస్తాబై కూర్చుంది?"

ఆవిడ వరండాలో కుర్చీలో ఉంది. ఆదివారం చర్చికి పెట్టుకునే టోపీ తలమీద ఉంది. చేతిసంచి ఒళ్లో ఉంది.

"ఏ ఊరు ప్రయాణం మిస్ ఓజెల్లా?" నాన్న కిటికీలోంచి కేకేశాడు.

"అయిపోయింది నాయనా ప్రయాణం," అంది ఆవిడ. "కళ్ల డాక్టరు దగ్గరికి పోవాల్సింది ఇవాళ. చలికాలంలో పేరు రాయిస్తే ఇప్పటికి వంతు వచ్చింది. చర్చిలో పాడుతుందే ఎర్లీన్, తను తీసుకెళ్తానంది. ఎంతసేపు చూసినా రాలేదు. కారు మొరాయించి ఉంటుంది. ఫోన్ చేద్దామంటే మొన్నటి గాలివానకి తీగ తెగిపోయె. ముసలివాళ్ల కోసం కౌంటీ వ్యాను తిరిగేది కదా, అదీ మానేశారు. సరే, కవరు కట్టి కూర్చున్నా."

నాన్న కోరలీ వైపు చూశాడు. కోరలీ తల దించుకుంది.

"పాపనేం అనకు రోస్కో," అంది మిస్ ఓజెల్లా. "తప్పు నాదే. పాత కవరు, రంగంతా వెలిసిపోయింది. అది దానికెలా కనబడుతుంది? ఎర్రది కట్టాల్సింది. నా కళ్లకి ఈ మధ్య ఏ రంగైనా ఒకటే అయిపోయింది."

"మళ్లీ ఎప్పుడు చూస్తాడట?"

"మళ్లీ వంతంటే ఆకురాలే కాలమే. ఈలోగా జాక్సన్ నుంచి మా మేనకోడలు వస్తుంది. ఈ వేసవిలోపు శుక్లాలు తీయించుకోకపోతే నన్ను తీసుకుపోయి తన దగ్గర పెట్టుకుంటానంది. దానిది తప్పు కాదులే. కారు నడపలేని మనిషి ఈ రోడ్డులో ఎలా బతుకుతుంది?" ఆవిడ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. "నా టమాటా మొక్కలు నువ్వు పీక్కుపో రోస్కో. అక్కడ మూడో అంతస్తట. మట్టి ఉండదు."

పార్టీ సంగతి ఆవిడ ముందే చర్చిలో విన్నది. కోరలీ వైపు తిరిగి, "స్కేటింగ్ బాగా ఆడావా బంగారం?" అని అడిగింది.

"ఆడానండీ," అంది కోరలీ. ఆ మాట ఆమెకే వినబడలేదు.

ఆ సాయంత్రం కోరలీకి ముద్ద దిగలేదు. నాన్న వండిన కార్న్‌బ్రెడ్, బీన్స్ ప్లేటులోనే చల్లారిపోయాయి. అమ్మ పట్నంలో వృద్ధాశ్రమంలో పనిచేస్తుంది. శుక్రవారం సాయంత్రం వెళితే ఆదివారం దాకా రాదు. అమ్మ ఉంటే ముఖం చూడగానే కనిపెట్టేసేది. నాన్న అంట్లు కడుగుతుంటే కోరలీ వెళ్లి వెనక నిలబడింది.

"నాన్నా, నాకు కవరు కనబడింది."

నాన్న చేతిలో ప్లేటు ఆగింది.

"రంగు వెలిసినందుకేం కాదు. బాగానే కనబడింది. పార్టీకి ఆలస్యమవుతుందని చెప్పలేదు."

నాన్న కేకలేస్తాడనుకుంది. వేసినా బాగుండేది. ఆయన ప్లేటు తుడిచి, దాని చోట దాన్ని పెట్టాడు.

"నాకు చెబితే ఏం లాభం తల్లీ? ఆవిడ అక్కడ కూర్చుని కవరుని తిట్టుకుంటోంది."

మర్నాడు చర్చి అయ్యాక కోరలీ ఒక్కతే మిస్ ఓజెల్లా వరండా మెట్లెక్కింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. చెప్పాక తల ఎత్తలేకపోయింది.

మిస్ ఓజెల్లా ఒళ్లోని చేతిసంచి పక్కన పెట్టింది.

"చూసి కూడా లేదన్నావు," అంది.

"అవునండీ."

"నేనేమో రాత్రంతా నా కవరుని, నా కళ్లని, ఆఖరికి గాలిని కూడా ఆడిపోసుకున్నాను." ఆవిడ కుర్చీలోంచి లేచింది. "నాకు కోపంగా ఉంది కోరలీ. చాలా కోపంగా ఉంది. రేపటికి తగ్గుతుందేమో, తగ్గదేమో. ఇప్పుడు ఇంటికెళ్లు."

కోరలీ దారి పొడవునా ఏడ్చుకుంటూ వెళ్లింది. తుడుచుకోవడానికి చేతిరుమాలు కూడా లేదు.

సోమవారం నాన్న తను పనిచేసే కలప మిల్లు నుంచి కళ్ల డాక్టరు ఆఫీసుకి ఫోన్ చేశాడు. వంతులన్నీ నిండిపోయాయట. కానీ ఎవరైనా రాకపోతే, అక్కడ కూర్చుని ఉన్నవాళ్లని చూస్తారట. డాక్టరు మళ్లీ వచ్చేది రెండు వారాల తర్వాత శనివారం.

"కూర్చోవడమే కదా, కూర్చుంటా," అంది మిస్ ఓజెల్లా. కోరలీతో మాత్రం ఇంకా ముక్తసరిగానే మాట్లాడుతోంది.

ఆ శనివారం రానే వచ్చింది. తెల్లారేసరికి మిల్లు నుంచి కబురు. పెద్ద రంపం చెడిపోయింది, రోస్కో రావాలి. మిల్లు పట్నానికి సరిగ్గా ఎదురు దిక్కున ఉంది.

"నన్ను మిస్ ఓజెల్లా ఇంటి దగ్గర దింపు నాన్నా," అంది కోరలీ. వంటగదిలోకి పరిగెత్తింది. మిగిలిన బ్రెడ్డు ముక్కలు మూత గిన్నెలో వేసి వెంట తీసుకుంది. ఎర్ర కవరు దులిపి జేబులో పెట్టుకుంది.

ఆ కవరు డబ్బాకు గట్టిగా ముడివేసి, కోరలీ రోడ్డు పక్కనే నిలబడింది. మిస్ ఓజెల్లా టోపీ పెట్టుకుని వరండా కుర్చీ తెచ్చుకుని డబ్బా పక్కనే కూర్చుంది. పొద్దున్నే అయినా మిసిసిపీ ఎండ చురుక్కుమంటోంది. చాలాసేపు ఒక్క బండీ రాలేదు.

తర్వాత ఒక తెల్ల కారు వచ్చింది. ఆగలేదు. ఎవరో బయటివాళ్లు, వాళ్లకి కవరు సంగతి తెలియదు.

ఇంకాసేపటికి ఆకుపచ్చ పికప్ వచ్చింది. రోడ్డు చివర ఉండే టిల్‌మన్ వాళ్లది. కోరలీ ఎగిరి గంతేసి రెండు చేతులూ ఊపింది. లోపలివాళ్లు కవరుని చూశారు, కోరలీని చూశారు, ఒకరితో ఒకరు ఏదో అనుకున్నారు. నవ్వుతూ చెయ్యి ఊపి ముందుకి పోయారు. ఎర్ర దుమ్ము వచ్చి కోరలీ నోట్లో పడింది.

"చూశారు!" కోరలీ కాలు నేలకేసి కొట్టింది. "వాళ్లు చూశారు మిస్ ఓజెల్లా! చూసి కూడా ఆగకుండా ఎలా..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. ముఖమంతా వేడెక్కింది.

మిస్ ఓజెల్లా టోపీ సర్దుకుంది. కుర్చీలో కొంచెం పక్కకు జరిగి, ఖాళీ జాగా మీద చేత్తో తట్టింది.

"రా, కూర్చో. ఎండలో నిలబడినంత మాత్రాన బండ్లు తొందరగా రావు."

ఆ సగం కుర్చీలో కూర్చుని ఇద్దరూ రోడ్డు చూస్తూ ఉన్నారు. చివరికి మిస్టర్ హాలిస్ ట్రక్కు వచ్చింది. కిటికీలోంచి ముందు కుక్క తల బయటకొచ్చింది, తర్వాత ఆయన తల.

"కవరు చాలక మనుషులే రోడ్డు మీదకి వచ్చారా!" అన్నాడాయన. "ఎక్కండెక్కండి. ఈ వెధవ పన్ను పీకించడానికి పట్నం పోతున్నా. మిస్ ఓజెల్లా, మీరు కుక్క పక్కన కూర్చోకండి, మీ టోపీ తినేస్తుంది."

పట్నం చేరేదాకా ఆయన చెప్పిన కుక్క పన్ను కథ కోరలీ మొదటి నుంచి చివరి దాకా విన్నది. కొత్త సంగతులు కూడా కొన్ని ఉన్నాయి.

డాక్టరు దగ్గర కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. ఒక్కొక్కరినీ పిలుస్తున్నారు. పిలిచిన ప్రతివాళ్లూ వచ్చే ఉన్నారు. మధ్యాహ్నం దాటింది. కోరలీ తెచ్చిన బ్రెడ్డు ముక్కలు ఇద్దరూ పంచుకు తిన్నారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా కోరలీ లేచి, "మా మిస్ ఓజెల్లా ఇక్కడే ఉన్నారండీ," అని గుర్తుచేస్తోంది. కౌంటర్ దగ్గరి అమ్మాయికి నవ్వాగలేదు.

గది దాదాపు ఖాళీ అయింది. ఇంక లాభం లేదని కోరలీకి కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు ఎవరి పేరో పిలిచారు. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచారు.

కౌంటర్ అమ్మాయి కోరలీ వైపు చూసి చెయ్యి ఊపింది. "మీ మిస్ ఓజెల్లాని తీసుకురా!"

వేసవి ఇంకా పోకముందే రెండు కళ్లకీ ఆపరేషన్ అయింది. జాక్సన్ మేనకోడలు వచ్చి నాలుగు రోజులుండి, బుట్టెడు టమాటాలు పట్టుకుని ఒక్కతే వెళ్లిపోయింది.

మరో శనివారం. పట్నంలో గ్రంథాలయంలో తోలుబొమ్మలాట. ముందు వెళ్లినవాళ్లకే ముందు వరుస. ట్రక్కు మలుపు దగ్గరికి వచ్చింది.

"ఆపు నాన్నా," అంది కోరలీ.

నాన్న చూశాడు. డబ్బా బోసిగా ఉంది. "కవరు లేదు కదే?"

"రాత్రి గాలి వీచింది. ఊడిపోయిందేమో. అడిగొస్తా."

ట్రక్కు పూర్తిగా ఆగకముందే తలుపు తీసింది. మెట్ల దాకా కూడా వెళ్లలేదు, వరండాలోంచి కేక వినబడింది.

"ఆ జడకి పసుప్పచ్చ రిబ్బను ఎవరు కట్టారే? నీకు ఎరుపే బాగుంటుంది!"

కోరలీ నవ్వింది. "పట్నం వెళ్తున్నామండీ. మీకేమైనా కావాలా?"

"ఏమీ అక్కర్లేదు బంగారం." మిస్ ఓజెల్లా ఒక్క క్షణం ఆలోచించింది. "ఆగాగు. ఒక బ్రెడ్డు తీసుకురా. మంచి రంగు కవరుది చూసి తే."

"అలాగేనండీ," అంది కోరలీ. "నిమ్మరసం ఉందా? కొంచెం తాగి వెళ్తాం." ట్రక్కు వైపు తిరిగి నాన్నని చెయ్యి ఊపి పిలిచింది.