జాఫ్నా నుంచి వచ్చిన అమ్మాయి

పొద్దున్నే లక్ష్మీరాజం మగ్గాల కార్ఖానాకు సెలవు పెట్టి, సందు చివరి దుకాణంలో శనగపిండితో చేసే వేడి వేడి లోచో కట్టించుకుని వచ్చాడు. బతుకుతెరువుకు వలస వచ్చిన గుజరాతీ పేట వడోద్‌లోని ఆ రెండు గదుల ఇంటికి వేరే దేశం నుంచి అతిథి రావడం అదే మొదటిసారి. కూతురు సంధ్య చదివే కాలేజీకి శ్రీలంక నుంచి విద్యార్థులు వచ్చారు. అక్కడి యుద్ధం గురించి తమ ఇళ్లలో విన్నది రెండు దేశాల పిల్లలూ ఒకరికొకరు చెప్పుకోవాలి. చివరి రోజు అందరి ముందూ మాట్లాడాలి. అన్నాళ్లూ ఒక్కో అతిథి ఒక్కో ఇంట్లో ఉంటారు. సంధ్య వాళ్లింటికి ముందురోజు సాయంత్రం వచ్చిన అమ్మాయి తర్షిణి. జాఫ్నా దగ్గరి పల్లెటూరి తమిళ పిల్ల.

అందరికంటే ఎక్కువ సంబరపడింది సంధ్య నాయనమ్మ ఐలమ్మ. ఆమె పెద్దకొడుకు సదానందం సైన్యంలో చేరాడు. శ్రీలంకలో శాంతి నిలబెట్టడానికని మన సైన్యం వెళ్లినప్పుడు తనూ వెళ్లి, జాఫ్నాలోనే చనిపోయాడు. శవం ఇంటికి రాలేదు. అతని ఇనుప పెట్టె ఒక్కటే వచ్చింది. ఆ నేల మీద పుట్టిన మనిషిని ఐలమ్మ చూడటం ఇదే మొదలు.

"జర కడుపునిండ తినుమను బిడ్డా. సిగ్గుపడుతున్నట్టుంది," అంది మనవరాలితో.

"పెద్దబాపు ఫొటో చూపెట్టు. వాళ్ల కోసమే పానం ఇచ్చిండని చెప్పు," అన్నాడు లక్ష్మీరాజం గర్వంగా.

సంధ్య ఇంగ్లీషులో చెప్పింది. తర్షిణి గోడ మీది ఫొటో చూసి, ఎక్కడ చనిపోయారని అడిగింది. జాఫ్నా అనగానే ఆమె ముఖం పాలిపోయింది. ప్లేటు కింద పెట్టి బయటి వసారాలోకి వెళ్లిపోయింది.

వెనకే వెళ్లిన సంధ్య కాసేపటికి తడి కళ్లతో తిరిగొచ్చింది.

"ఏమైందే?" అంది తల్లి విజయరాణి.

"ఏం లేదమ్మా. కడుపుల బాగ లేదట."

"నాతోని అబద్ధాలాడకు," అన్నాడు లక్ష్మీరాజం.

సంధ్య తలదించుకుంది. "వాళ్ల తాతను మన సిపాయీలే కాల్చిండ్రట బాపూ. కర్ఫ్యూ నడుస్తుంటే, తాడు తెంపుకున్న ఆవును పట్టుకొద్దామని గేటు దాటిండట."

"ఏందీ? మనోళ్లే కాల్చిండ్రని ఎవలు చూసిండ్రు?" లక్ష్మీరాజం గొంతు ఇల్లంతా మోగింది. "మా అన్న ఎవలి కోసం సచ్చిండు? మనింట్ల కూసొని గిట్లనే మాట్లాడేది?"

తర్షిణి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. భాష రాకపోయినా కోపం అర్థమైంది. ఇంగ్లీషులో ఏదో చెప్పింది. సంధ్య ఆగి ఆగి తెలుగులో అంది: "మన సిపాయీలు వచ్చిన కొత్తల వాళ్ల అమ్మమ్మ దండ గూడ ఏసిందట. తర్వాత తాతను పెరట్లనే కాలబెట్టుకున్నదట. ఈ మాట దాచిపెట్టి మనింట్ల తింటే ముద్ద దిగదంటున్నది."

"సామాన్లు సర్దుకొమ్మను. కాలేజీల దింపొస్త."

"నోరు మూస్తవా లేదా!" ఐలమ్మ కొడుకును అంత గట్టిగా కసరడం ఆ ఇంట్లో అదివరకు ఎవరూ వినలేదు. ఆమె తర్షిణి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "కాల్చినోడు ఎట్లుండెనో అడుగు సంధ్యా."

"వాళ్ల అమ్మమ్మ చూడలేదట బాపమ్మా. చప్పుడు ఒక్కటే విన్నదట."

ఐలమ్మ గోడ మీది ఫొటో వైపు చూసింది.

"నా కొడుకు గావచ్చు, గాకపోవచ్చు. ఇంటికొస్తే నేనే అడుగుదును. వాడు రాకపాయె," అంది. "ఇన్నేండ్ల సంది వాన్ని సంపినోని తల్లి కడుపు కాలాలని తిట్టుకుంట బతికిన. అక్కడ గా ముసలామె ఎవలిని తిట్టుకున్నదో. నన్నే గావచ్చు."

లక్ష్మీరాజం గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

"మీ అమ్మమ్మతో మాట్లాడొచ్చా బిడ్డా?" అని తర్షిణిని అడిగించింది ఐలమ్మ.

తర్షిణి సందేహిస్తూనే ఫోన్ కలిపి, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టి, తమిళంలో అంతా చెప్పింది. అవతలి నుంచి ఒక ముసలి గొంతు ఏదో అడిగింది.

"నీ కొడుకు పేరేందని అడుగుతున్నది," అంది సంధ్య, తర్షిణి ఇంగ్లీషులో చెప్పగానే.

ఐలమ్మ ఫోన్ దగ్గరికి వంగింది. "సదానందం."

"సదానందం," అంది అవతలి గొంతు స్పష్టంగా. ఆపైన రెండు మాటలు అని ఆగిపోయింది. తర్షిణి వాటిని ఇంగ్లీషులో చెప్పలేక వెక్కింది. మెల్లగా చెప్పాక సంధ్య తెలుగులో అందుకుంది.

"మన్నించుడు ఆమెతోని కాదట బాపమ్మా. కానీ ఆమె తమ్మునిది గూడ గదే పేరట. యుద్ధంల పోయినోడు ఆయన గూడ మళ్ల రాలేదట."

ఇనుప పెట్టె వచ్చిన రోజు కూడా ఏడవని ఐలమ్మ అప్పుడు ఏడ్చింది. ఆ నేల మీద తన కొడుకు పేరు ఎవరైనా పలుకుతారని ఆమె ఏనాడూ అనుకోలేదు.

లక్ష్మీరాజం లేచి వచ్చి తర్షిణి తల మీద చెయ్యి వేశాడు. "అందరి ముందు పెద్దబాపు ముచ్చట చెప్పేటప్పుడు ఈ పిల్ల తాత ముచ్చట గూడ చెప్పు బిడ్డా," అన్నాడు కూతురితో. "ఏది దాచకు."

అవతల ముసలామె కూడా ఏడుస్తోంది. ఒకరి మాట ఒకరికి రాదు. అయినా ఫోన్ ఎవరూ పెట్టేయలేదు.