పంటిగారలో పన్నెండేళ్ళు

"ఆ ఇంజెక్షన్ ఇవ్వకండి! ఇంకో అరగంట ఆగండి!"

ఫోన్లో వార్డుకు అరిచి, నఫీసా మళ్ళీ స్క్రీన్ ముందు కూర్చుంది. నూట నలభయ్యో పొర తెరుచుకుంటోంది.

పై అంతస్తులో వినోద మెడ గడ్డం నుంచి కంఠం దాకా వాచిపోయింది. పంటి కింద పుట్టిన చీము మెడలోకి దిగి ఊపిరిదారిని నొక్కేస్తోంది. మూడు యాంటీబయాటిక్స్ ఇచ్చారు. ఒక్కటీ పని చేయలేదు. నాలుగోది సిరంజిలో ఉంది. మామూలు పరీక్షకు రెండు రోజులు కావాలి, వినోద చేతిలో ఉన్నవి కొన్ని గంటలు.

నఫీసా వైద్యురాలు కాదు. గోదావరి లోయలో పదిహేనేళ్ళు రాళ్ళు పగలగొట్టి శిలాజాలు ఏరిన మనిషి. ఆ పని కోసమే ఆమె లేయర్ రీడర్ తయారు చేసింది. ఆవగింజంత ముక్కను లేజర్‌తో వందల పొరలుగా విప్పి, ఒక్కో పొరలో చిక్కుకున్న డీఎన్ఏను చదివే మెషీన్ అది. మంచిర్యాలలో ఈ ఆసుపత్రి వాళ్ళు దాన్ని అరువడిగితే నవ్వేసి ఇచ్చింది. ఇప్పుడు నవ్వడం లేదు.

"నా కోడలి పంటిగార గీక్కపోయి ఏం జూస్తున్నవు డాక్టరమ్మా?" అంది పక్కనే నిలబడ్డ రాజవ్వ.

"అవ్వా, గార అంటే నోట్లో పెరిగే రాయి. రాయిలాగే కింది పొర పాతది, పై పొర కొత్తది. పురుగులు అందులో పడి అట్లాగే ఉండిపోతాయి. ఇదిగో, పన్నెండేళ్ళ కిందటి పొర. మొదటి మందు తగిలితే వందకు తొంభైతొమ్మిది చచ్చాయి. పైకి రా. ఇక్కడ సగమే చచ్చాయి. ఇక్కడ ఒక్కటీ చావలేదు!"

"మందు తాగి బలిసినయా?"

"కాదు. తట్టుకోలేనివి చచ్చాయి, ఎట్లాగో తట్టుకున్న ఒకటీ అరా మిగిలి పిల్లల్ని పెట్టాయి. లక్షల ఏళ్ళ మార్పు నేను రాళ్ళలో వెతుక్కున్నాను. నీ కోడలి నోట్లో పన్నెండేళ్ళకే కనిపిస్తోంది!" నఫీసా సంతోషంతో స్క్రీన్ మీద తట్టింది. వెంటనే సిగ్గుపడింది. "కానీ ప్రతిసారీ మందు రెండు రోజులే తగిలింది. ఎందుకు?"

రాజవ్వ తేలిగ్గా చెప్పింది. "నా కొడుకు సదయ్యకు గని దవాఖానల అయిదు దినాల గోలీలిస్తరు. మూడు దినాలకు తక్కువైతది, పనికి పోతడు. మిగిలినయి డబ్బల ఏసిపెడ్త. ఆడోళ్ళకు పన్ను నొస్తే దవాఖానెందుకు? రెండు గోలీలు సాలు."

గోడకు ఆనుకున్న సదయ్య తల దించుకున్నాడు. అన్నం పెద్ద ముద్ద మగవాడికి, అడుగంటింది ఆడవాళ్ళకు పెట్టే ఇళ్ళు చాలానే ఉన్నాయి. మందును కూడా అట్లాగే పంచిన ఇల్లు ఇది.

అంతలో నఫీసా కనుబొమలు ముడిపడ్డాయి. అన్నిటికంటే కింది పొరలో, ఏ మందూ తగలకముందే, ఏదో మందును తట్టుకునే మార్పు ఒకటి ఉంది. వినోద కాపురానికి వచ్చిన ఏడాదే. ఎక్కడి నుంచి వచ్చింది?

"అవ్వా, నువ్వూ వినోదా ఎట్లా తింటారు?"

"మొగోళ్ళు తిన్నంక ఇద్దరం ఒక్క కంచంలనే. గిన్నెలు తోమే పని తగ్గుతది."

"నోరు తెరువు!"

రాజవ్వ దవడపంటి గార ముప్ఫయ్యేళ్ళ మందం ఉంది. ఇరవై నాలుగో నిమిషంలో అదే మార్పు అందులో దొరికింది. ఆ మార్పు మొదట కనిపించిన పొరలోనే, అది లేనివాటిని చంపేసిన మందు ఆనవాలూ ఉంది. సిరంజిలో ఎదురుచూస్తున్న నాలుగో మందే అది.

నఫీసా మెట్లెక్కి పరిగెత్తింది. "అది పారేయండి! ఈ పురుగు దాన్ని అత్త నోట్లోనే జయించి వచ్చింది. ఇద్దరి పళ్ళలోనూ ఆనవాలు లేనిది ఒకటుంది. డాక్టర్లు రాయడం మానేసిన పాత మందు. స్టోరులో చూడండి!"

తెల్లారేసరికి వినోద ఊపిరిలో ఈల ఆగింది. మూడో రోజు గంజి తాగింది. ఈసారి కోర్సు మొత్తం పూర్తి చేసింది, నర్సు ఎదుటే.

కొత్త రకం బ్యాక్టీరియాకు పేరు పెట్టాలి. కొత్త రకాలను నమోదు చేసే రిజిస్టరులో నియమం ఒకటుంది, రోగి ఫైలు మీది ఇంటిపేరే రకం పేరు. ఫైలు మీద "గుండేటి సదయ్య భార్య" అని ఉంది. అట్లా "గుండేటి రకం" పేపర్లకెక్కింది.

వారం తిరక్కుండానే సదయ్య, అతని అన్నలిద్దరూ ల్యాబుకొచ్చారు. వెనకాల వినోదా, రాజవ్వా.

"మేడం, మా ఇంటిపేరు తియ్యండ్రి," అన్నాడు పెద్దన్న. "గుండేటోళ్ళంటే రోగపోళ్ళని నవ్వుతున్నరు. మాకేం సంబంధం? ఆడోళ్ళ నోట్ల పుట్టింది, ఆడోళ్ళ పేరే పెట్టుకోండ్రి."

నఫీసా కోపంగా ఏదో అనబోయింది. వినోద ముందుకొచ్చింది. మెడ మీద కట్టు ఇంకా ఉంది, గొంతు మాత్రం స్పష్టంగా ఉంది.

"పెట్టుండ్రి మేడం. వినోద అని రాయుండ్రి. ఫలానాయన భార్య అని లేకుంట నా పేరు ఒక కాయితం మీద ఎక్కుడు ఇదే మొదలు."

నఫీసా టైప్ చేసింది. వినోద రకం.

"ఆగు బిడ్డా," అంటూ రాజవ్వ కోడల్ని పక్కకు జరిపి స్క్రీన్ ముందుకు వంగింది. "దీనికంటె ముందుది నా పంట్ల దొరికెనంటివి గద! మరి దాని మీద నా పేరేది?"